ఒకరు తక్కువ

ముందు వార్త చెప్పేస్తాను, కడుపులో దాచుకుని నెమ్మదిగా రాయడం నా వల్ల కాదు. పాసయ్యాను. మా అమ్మ వైపు, నాన్న వైపు ఎంత వెనక్కి వెళ్లి వెతికినా కాలేజీ మెట్లెక్కినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు నా దగ్గర మాస్టర్స్ పట్టా ఉంది. ఆఫ్రికా తీరంలో ఓడల దొంగల మీద, వాళ్లను పట్టుకోవడానికి వెళ్లిన దేశాల మీద రాసిన నూట నలభై పేజీల థీసిస్ ఉంది. నీలం అట్ట, మీద బంగారు రంగు అక్షరాలు. వారం రోజులుగా దాన్ని బ్యాగులో వేసుకుని తిరుగుతున్నాను. కూరగాయలు కొనడానికి వెళ్లినా అది నాతోనే వస్తోంది. బిల్లు దగ్గర నా ముందు నిలబడిన ఆంటీ ఒకావిడ ఊరికే ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, వెనక క్యూ ఉందని కూడా చూడకుండా బయటికి తీసి చూపించాను. ఆవిడ పాపం అట్టను వేలితో తడిమి, బరువు బాగానే ఉంది అంది.

ఆ థీసిస్‌లో మూడో అధ్యాయం చివర ఒక పేరా ఉంది. పదకొండు వాక్యాలు. డిఫెన్స్‌కి, అంటే ప్రొఫెసర్ల ముందు నిలబడి నా రాతను నేను సమర్థించుకోవాల్సిన రోజుకి, తొమ్మిది రోజుల ముందు వరకూ ఆ పేరా లేదు. అది లేకపోయినా పాసయ్యేదాన్ని. బహుశా ఇంకా సులువుగా పాసయ్యేదాన్ని. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే మా నాన్న పొయ్యి సంగతితో మొదలుపెట్టాలి.

మా నాన్న ఎక్కడికి బయల్దేరినా, తలుపు తాళం వేశాక మళ్లీ తీస్తాడు. వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద అరచెయ్యి పెట్టి చూస్తాడు. ఫ్రీమాంట్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది కరెంటు పొయ్యి. మంట లేదు, గ్యాస్ లేదు. అయినా నాలుగు కాయిల్స్ మీదా ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి ఆనించి, చల్లగా ఉన్నాయని తేల్చుకున్నాకే బయటికి వస్తాడు. నా హైస్కూల్ గ్రాడ్యుయేషన్ రోజున ఫ్రీవే ఎక్కాక అనుమానం వచ్చి కారు వెనక్కి తిప్పాడు. వాళ్లు స్కూలుకి చేరేసరికి నా పేరు పిలవడం, నేను స్టేజీ ఎక్కి దిగడం అయిపోయాయి. అమ్మ ఆ రోజు అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది: "మీ నాన్న ఆ పొయ్యినే మనువాడాల్సింది, నన్నెందుకు సేసుకున్నాడో." నేనూ నవ్వేదాన్ని. ఫ్రెండ్స్ ఇంటికొస్తే నాన్న కళ్లు చిట్లించి కాయిల్ మీద చెయ్యి పెట్టే తీరును చేసి చూపించేదాన్ని.

నాన్న సరుకు ఓడల్లో వంటవాడు. ఓడల్లో బండారీ అంటారు. భీమిలి దగ్గర మా ఊరి నుంచి వెళ్లి ఇరవై ఏళ్లు సముద్రాల మీద అన్నం వండాడు. నేను నాలుగో క్లాసులో ఉండగా తూర్పు ఆఫ్రికా తీరానికి దూరంగా ఆయన ఓడను దొంగలు పట్టుకున్నారు. ఏడు నెలలు పట్టి ఉంచారు. ఆ ఏడు నెలల్లో నాకు గుర్తున్నవి రెండే: ఇంట్లో టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి బొమ్మ మాత్రం చూడటం, అమ్మ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కి విశాఖలో కంపెనీ ఏజెంటు ఆఫీసుకి వెళ్లి సాయంత్రం తిరిగి రావడం. విడిచిపెట్టాక నాన్న మళ్లీ ఓడెక్కలేదు. పెళ్లయి ఈ దేశానికి వచ్చి శాన్ రామన్‌లో స్థిరపడిన మా అత్త ఎప్పుడో పెట్టిన స్పాన్సర్‌షిప్ కాగితాలు కొన్నాళ్లకు కదిలాయి. ముగ్గురం వచ్చేశాం. ఇప్పుడు ఆయన ఒక ఇండియన్ కిరాణా దుకాణం వెనక వంటగదిలో సమోసాలూ బిర్యానీ చేస్తాడు.

ఆ ఏడు నెలల గురించి ఎప్పుడడిగినా ఆయన జవాబు ఒకటే. "అన్నం వొండేను, తిన్నారు, వొచ్చీసేను."

అందుకే నేను ఆ టాపిక్ తీసుకున్నాను. ఎదుగుతున్న ఒక దేశం తన తీరానికి వేల మైళ్ల దూరంలో దొంగల్ని పట్టుకోవడానికి యుద్ధనౌకల్ని ఎందుకు పంపుతుంది అన్నది నా ప్రశ్న. ఏ దేశమో ఇక్కడ రాయను. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు, దానిదీ అంతే. సముద్రాన్ని అందరి కోసం కాపాడుతున్నాం అని ఆ దేశం అంటుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ దారినే దానికి చమురు వస్తుంది, ఆ దారినే దాని సరుకు పోతుంది. ఆఫ్రికా తీరంలో రేవులు కడుతోంది, లోపల గనులు తవ్వుతోంది. ఇంటికి దూరంగా నెలల తరబడి నౌకలు నడపడం దాని నావికులకు కొత్త. దొంగల వేటలో ఆ విద్య వస్తుంది, దారిలో ఆగి ఇంధనం నింపుకోవడానికి ఒక చోటూ దొరుకుతుంది, ఎవరూ వేలెత్తి చూపరు. దొంగలు తగ్గిపోయినా నౌకలు మాత్రం వెనక్కి రావు. మొదటి రెండు అధ్యాయాల్లో నేను చెప్పింది ఇదే.

మూడో అధ్యాయం మా నాన్న ఓడ. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉంటుంది, పాస్‌పోర్ట్ లాంటిది, ఎక్కిన ప్రతి ఓడ పేరూ అందులో ముద్ర వేసి ఉంటుంది. బీరువాలోంచి దాన్ని తీసి చివరి ఓడ పేరు రాసుకున్నాను. ఆయనకు చెప్పలేదు. పాత రిపోర్టులు నెలల తరబడి తిరగేస్తే ఆ ఓడ గురించి నాలుగు లైన్లు దొరికాయి. సిమెంటు మోసుకెళ్తోంది. దొంగలు ఎక్కిన మర్నాడు పొద్దున నేను రాస్తున్న ఆ దేశపు యుద్ధనౌక వచ్చింది. ఆ తర్వాతి సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఓడ మీదికి సైనికుల్ని పంపడానికి తగిన పరిస్థితులు లేనందున వెళ్లిపోయింది. అంతే. వారం తిరగకుండా అదే యుద్ధనౌక ఒక చమురు ట్యాంకర్‌ను దొంగల నుంచి విడిపించింది. ఆ చమురు వెళ్తున్నది వాళ్ల దేశానికే.

నాకు ఇంకేం కావాలి. సిమెంటు ఒక వైపు, చమురు ఒక వైపు. తగిన పరిస్థితులు లేవు అన్న మాటను కోట్స్‌లో పెట్టి, దాని చుట్టూ ముప్ఫై పేజీలు రాశాను. మా అమ్మ ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఏడు నెలలకూ నా దగ్గర కారణం ఉంది. దాన్ని నాన్నకు బహుమానంగా ఇవ్వాలని దాచి ఉంచాను.

మా ప్రొఫెసర్ దగ్గర నుంచి మెయిల్ వచ్చిన రోజు మధ్యాహ్నం బస్సు కోసం ఆగలేక రెండు స్టాపుల దూరం పరిగెత్తాను. డిఫెన్స్ తేదీ ఖాయమైంది. మూడో అధ్యాయం మొత్తం థీసిస్‌లో అన్నిటికంటే బలంగా ఉందని, దాన్ని విడిగా పత్రికకు పంపుదామని ఆవిడ రాసింది. దుకాణం వెనక తలుపు తోసుకుని వెళ్లేసరికి మూడైంది. ఆ వేళకు అక్కడ రద్దీ ఉండదు. నాన్న స్టూలు మీద కూర్చుని సమోసాలు మడుస్తున్నాడు.

"నాన్నా, డేట్ ఇచ్చేశారు. మూడో చాప్టర్ చాలా బాగుందంట. మీ ఓడ చాప్టర్."

"మా ఓడేటి?"

"సర్‌ప్రైజ్‌గా ఉంచాను. మిమ్మల్ని అలా వదిలేసి ఎందుకు వెళ్లిపోయారో కనిపెట్టాను నాన్నా."

చదవమన్నాడు. ఫోన్‌లో తెరిచి, ఇంగ్లీషు వాక్యాన్ని కళ్లతో చదువుకుని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆయన మడవడం ఆపలేదు. పిండి చెక్కను శంకులా చుట్టడం, కూర నింపడం, అంచు తడి చేసి నొక్కడం, చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. యుద్ధనౌక వెళ్లిపోయిన చోటికి వచ్చాక చేతులు ఆగాయి. అంచు నొక్కని సమోసా ఒకటి అరచేతిలో ఉండిపోయింది.

"సిమెంటని రాసేవా?"

"సిమెంట్ కాబట్టే వదిలేశారు. అదే నా పాయింట్."

"ఆళ్లు సిమెంటు సూసి ఎల్లిపోనేదు తల్లీ," అన్నాడు. "నన్ను సూసి ఎల్లిపోయేరు."

తర్వాత చెప్పింది చెప్పినట్టు రాయలేను. మెల్లగా, గోడ వైపు చూస్తూ చెప్పాడు. సంగతి ఇది.

దొంగలు వస్తే దాక్కోవడానికి ఓడ అడుగున, ఇంజన్ గది దగ్గర, ఇనుప తలుపున్న గది ఒకటి సిద్ధం చేసి ఉంచుతారు. అలారం మోగగానే ఇంజన్ ఆపేసి అందరూ అందులోకి వెళ్లి లోపల గడియ పెట్టుకోవాలి. అప్పుడు దొంగలకు ఓడ నడిపేవాళ్లూ ఉండరు, బందీలూ ఉండరు. యుద్ధనౌక వస్తే సైనికులు వెనకాడకుండా ఓడెక్కుతారు, ఎందుకంటే బయట కనిపించిన ప్రతివాడూ దొంగే. దానికి ఒకటే షరతు. ఓడవాళ్లు అందరూ లోపల ఉండాలి. ఒక్కడు బయట ఉన్నా ఎక్కరు. ఇంకో నియమం, గడియ పడ్డాక ఎవరి కోసమూ తీయకూడదు.

దొంగలొచ్చిన పొద్దున నాన్న పూరీలు వేయిస్తున్నాడు. అలారం మోగింది, కిందికి పరిగెత్తాడు. సగం మెట్లు దిగాక నూనె మూకుడు గుర్తొచ్చింది. పైన హాట్‌ప్లేట్ మీద అది కాగుతోంది, స్విచ్ వేసే ఉంది.

నేల మీద బతికేవాళ్లకు ఇది చప్పున అర్థం కాదు. ఓడలో మంటను మించిన భయం లేదు, అంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు. బండారీగా చేరినవాడికి మొదటి రోజు నేర్పేది వంట కాదట, పొయ్యి ఆర్పకుండా గది దాటకూడదని. పైన నూనె అంటుకుంటే అడుగున గడియ పెట్టుకున్న పందొమ్మిది మందీ పొగలో ఉక్కిరిబిక్కిరై పోతారు. నాన్న వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

"ఆర్పావా?" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న అదేనా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

"ఆర్పేను. మూకుడు దించి పక్కనెట్టి మూత కూడా ఎట్టేను."

తిరిగి కిందికి వచ్చేసరికి ఇనుప తలుపుకి గడియ పడిపోయింది. తట్టాడు. లోపల సరంగు, అంటే డెక్కు పనివాళ్ల పెద్ద, తీద్దామన్నాడట. కెప్టెన్ వద్దన్నాడు. కెప్టెన్‌దే సరైన మాట అన్నాడు నాన్న, ఎందుకంటే అప్పటికే తన వెనక మెట్ల మీద తుపాకీ పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు.

మర్నాడు యుద్ధనౌక వచ్చింది. దొంగలు నాన్నను ఓడ పైభాగంలో, దూరం నుంచి కూడా కనబడేలా నిలబెట్టారు. హెలికాప్టర్ చుట్టూ తిరిగింది. ఎంత దగ్గరికి వచ్చిందంటే, లోపలి మనిషి హెల్మెట్ అద్దం మీద ఎండ మెరవడం నాన్నకు కనిపించింది. యుద్ధనౌకవాళ్లు రేడియోలో లోపలున్న కెప్టెన్‌ను అడిగిన మొదటి ప్రశ్న, అందరూ లోపలే ఉన్నారా అని. ఒకరు తక్కువ, అని చెప్పాడు కెప్టెన్. తర్వాతి సాయంత్రం దాకా ఉండి వాళ్లు వెళ్లిపోయారు. అడుగు గదిలో నీళ్లు అయిపోయాక అందరూ తలుపు తీసుకుని చేతులు పైకెత్తి బయటికి వచ్చారు. నాలుగో నెలలో సరంగు పోయాడు. షుగర్ మనిషి, తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి.

"కెప్టెన్ ఒక్క మాట అన్నేదు. ఎవులూ అన్నేదు. తిట్టినా బాగున్ను," అని, అరచేతిలో ఉండిపోయిన సమోసా అంచు నొక్కి పళ్లెంలో పెట్టాడు. తర్వాత, డిఫెన్స్ ఏ వారమొచ్చిందని అడిగాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఎలా వచ్చానో సరిగ్గా గుర్తులేదు. ఆయనకు జరిగిన అన్యాయానికి లెక్క తేల్చడానికి వెళ్లాననుకున్నాను. నిజానికి ఎవరూ మోపకపోయినా తనే మోసుకుంటున్న ఒక తప్పును ఆయన చేత పైకి చెప్పించాను. ముప్ఫై పేజీలు రాశాను కానీ, తగిన పరిస్థితులు లేవన్న ఆ లైను వెనక ఏముందని నాన్నను ఒక్క మాట అడగలేదు. అడగడం అంటే సర్‌ప్రైజ్ పోతుందనుకున్నాను.

ఆ తర్వాతి రోజుల్లో నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు. కాగితంలో లేనిదాని గురించి నన్నెవరూ అడగరు. నాన్నను ఇందులోకి లాగకుండా ఉండటమే ఆయనకు మర్యాద. ఇవన్నీ చెప్పుకుంటూనే ప్రొఫెసర్ మెయిల్ మళ్లీ తెరిచి, అన్నిటికంటే బలంగా ఉంది అన్న చోట ఆగేదాన్ని. ఆ మాట నాకు కావాలి. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరి రాతనూ ఎవరూ మెచ్చుకోలేదు.

నాన్న ఆ రోజే అమ్మకూ చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం నాన్న డ్యూటీలో ఉంటే మేమిద్దరం భోజనానికి అత్తావాళ్ల ఇంటికి వెళ్తున్నాం. నేను డ్రైవ్ చేస్తున్నాను. శాన్ రామన్ దారిలో ఎండకు పసుపురంగు తిరిగిన కొండల్ని చూస్తూ అమ్మ ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

"సరంగు పెళ్లాం, నేనూ ఆ ఆపీసు మెట్ల మీద ఒక్క క్యారేజీలో తిన్నాం. ఆయన పోయేడని తెలిసినాక నా మొకం సూడ్డం మానీసింది. నా మొగుడు బతికున్నాడని కుళ్లనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను."

తర్వాత, ఇదంతా రాస్తావేటి అని అడిగింది. తెలీదన్నాను. రాయకపోతే ఏమవుతుందని అడిగింది. పాసవుతానన్నాను. రాస్తే, అంది. దానికీ తెలీదన్నాను. అత్త ఇంట్లో నా డిఫెన్స్ గురించి అందరూ అడుగుతుంటే అమ్మ పప్పు వడ్డిస్తూ, ఇంకా అవలేదు, అవనీండి, అంది. ఆ వారం నుంచి మా ఇంట్లో పొయ్యి జోకు వినబడలేదు.

డిఫెన్స్‌కి తొమ్మిది రోజులుందనగా పొద్దున కాఫీ తాగుతుంటే నాన్న సమోసా పిండి వచ్చిన అట్టపెట్టె చింపి తెచ్చి బల్ల మీద పరిచాడు. లోపలి వైపు పెన్నుతో ఓడ గీశాడు. వంటగది ఇక్కడ, మెట్లు ఇక్కడ, ఇనుప తలుపు ఇక్కడ. మెట్ల దగ్గర పదహారు అని అంకె వేశాడు.

"రాస్తే సరిగ్గా రాయి. పేరు వొద్దు, బండారీ అని రాయి. సరంగు మాత్రల సంగతి కూడా రాయి."

"నువ్వు బాధపడతావని ఆగాను నాన్నా."

"ఆడి కూతురు నీ ఈడుదే. ఎప్పుడో ఒకనాడు నీలాగే కంప్యూటర్లో ఓడ పేరు కొట్టి సూస్తది. అప్పుడు మా అయ్య సిమెంటు కోసం సచ్చిపోయేడని సదవాలా?"

ఆయన వేలు అట్ట మీద పైకి జరిపి, తనను నిలబెట్టిన చోటు చూపించాడు. తుపాకీ పట్టినవాడు చేపలవాడేనట. ఒక రోజు నాన్న సూర చేప కోస్తుంటే కత్తి లాక్కుని, అలా కాదని, వెన్ను వెంబడి ఒకే కోతలో ఎలా తీయాలో చూపించాడట. తమ తీరంలో పెద్ద పెద్ద మరబోట్లు వలలీడ్చి చేప లేకుండా చేశాయని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడట. ఆ బోట్లలో నేను రాస్తున్న దేశానివీ ఉన్నాయన్నాడట.

"వలలూ ఆళ్లవే, యుద్ధనౌకా ఆళ్లదే. అది రాసేవా?"

రాయలేదు. రేవులూ గనులూ రాశాను కానీ చేపలు రాయలేదు. చేపలవాళ్ల ఊళ్లో పుట్టి, చేపల సంగతి నాకు తట్టలేదు.

అదే రోజు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి అట్టముక్క ఆవిడ బల్ల మీద పెట్టాను. నాన్న చెప్పిందంతా చెప్పాను. ఆవిడ, నొప్పించకుండా చెప్పడానికి ప్రయత్నిస్తూనే, అధ్యాయం విరిగిపోయిందని చెప్పింది. సిమెంటుకీ చమురుకీ పోలిక నిలబడదు. కావాలంటే డిఫెన్స్ వచ్చే సెమిస్టర్‌కి మార్చుకోవచ్చు. పత్రికకు పంపే మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తేదీ మార్చవద్దన్నాను. ఒక వారం కూర్చుని ముప్ఫై పేజీల్ని పద్దెనిమిది చేశాను. వలల గురించి నాలుగు పేజీలు కలిపాను. కాగితాల్లో ఒకే ఒక్క సంగతి కోసం వెతికాను: ఆ చమురు ట్యాంకర్‌లో అందరూ లోపలే ఉన్నారా? ఒకరెవరైనా బయట ఉండిపోతే, ఉన్నా సరే సైనికులు ఎక్కారా? ఎక్కడా లేదు. సిబ్బంది క్షేమం అని మాత్రం ఉంది. అంటుకోని మంట ఏ రిపోర్టులోనూ ఎక్కనట్టే ఇదీ ఎక్కలేదు. చివర ఆ పదకొండు వాక్యాలు పెట్టాను. అందులో బండారీ ఉన్నాడు, మూకుడు ఉంది, పదహారు మెట్లు ఉన్నాయి, మాత్రలు ఉన్నాయి.

ఇక్కడ డిఫెన్స్‌కి నిలబడే విద్యార్థులే తినడానికి ఏమైనా తెచ్చిపెట్టడం అలవాటు. చాలామంది కొనుక్కొచ్చిన కుకీలు పెడతారు. నాన్నకు ఈ సంగతి చెప్పడం నాదే పొరపాటు. ఎంతమంది వస్తారన్నాడు. ఓ పదిమంది అన్నాను. ఆయన నలభైమందికి పుణుగులు, అల్లం పచ్చడి, కరెంటుతో వేడి చేసే పెద్ద స్టీలు డబ్బా నిండా టీ తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అమ్మతో వెనక వరసలో కూర్చున్నాడు. ప్రొఫెసర్లలో ఒకాయన పచ్చడి ఘాటుకు కళ్లు తుడుచుకుంటూనే మొదటి ప్రశ్న అడిగాడు. నాకు భయం తగ్గింది.

మూడో అధ్యాయం గురించి అడిగిందీ ఆయనే. బయట ఉండిపోయిన వంటవాడి గురించి మీకెలా తెలుసు అన్నాడు. ఆ ఓడలోని మనిషే చెప్పాడన్నాను. వెనక వరస వైపు చూడలేదు. అయితే ఇది చెప్పండి, అన్నాడు ఆయన. వంటవాడు బయట ఉన్నది ఆ చమురు ట్యాంకర్ మీద అయితే యుద్ధనౌక వెళ్లిపోయేదా? ఇంకో రోజు ఆగేదా? ఎక్కేదా?

వారం రోజులుగా నన్ను నేను అడుగుతున్నదే. తెలీదన్నాను. రికార్డు చెప్పడం లేదని, చెప్పనిచోట నేను చెప్పకూడదని ఈ నెలలోనే నేర్చుకున్నానని అన్నాను. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. అరగంట తర్వాత మమ్మల్ని బయట నిలబెట్టి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, తలుపు తెరిచి కంగ్రాట్యులేషన్స్ అన్నారు. అమ్మ నన్ను కావలించుకుని, అందరి ముందూ నా జుట్టు సరిచేసింది. ఆ క్షణం గురించి పది పేజీలు రాయగలను, ఎవరైనా అడగాలే గానీ.

మిగతావాళ్లు వెళ్లిపోయాక ఖాళీ ట్రేలూ టీ డబ్బా గదిలోనే ఉంచి, ప్రొఫెసర్లకు చివరిసారి థాంక్స్ చెప్పడానికి వరండాలోకి వచ్చాం. నాన్న నా పక్కన నడుస్తూ, మా ఇద్దరికే వినబడేలా అడిగాడు.

"ఆ సారు అడిగిందానికి తెలీదన్నావు. నిజంగా తెలీదా, నా కోసం అన్నావా?"

"నిజంగానే తెలీదు నాన్నా. ఎంత వెతికినా దొరకలేదు."

నాలుగడుగులు వేశాడు. "నాకు తెలుసనుకున్నాను ఇన్నాళ్లూ," అన్నాడు.

ఆయన మొహం తేలికపడిందని రాస్తే అబద్ధం అవుతుంది. తప్పు తనదేనన్నది ఇన్నాళ్లూ ఆయనకు కనీసం ఖాయంగా తెలిసిన సంగతి. ఇప్పుడు అదీ పోయింది. మేలు చేశానో, ఉన్న ఆధారం కూడా లాగేశానో నాకు తెలీదు. అడగాలని ఉంది, అడగలేదు.

బిల్డింగ్ బయటికి వచ్చే ముందు ఆయన ఆగిపోయాడు. టీ డబ్బా, అన్నాడు. స్విచ్ తీసేనో లేదో. అమ్మ అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసేసుకుంది. ముగ్గురం వెనక్కి నడిచాం. ఆ గది తలుపు దానంతటదే మూసుకుపోతుంది, మూసుకుంటే కార్డు లేకుండా బయటి నుంచి తెరుచుకోదు. నా కార్డుతో తెరిచాను. ప్లగ్ నేనే తీశాను, ఆ సంగతి నాకు బాగా గుర్తుంది. చెప్పలేదు. ఆయన లోపలికి వెళ్లి, డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూసుకుని, మూత సరిగ్గా పెట్టి వచ్చేదాకా తెరిచిన తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.